దూలమునకు తగిన భారము

ధ్యానభాగము: యెషయా 22:15–25

పాత తెలుగు లోగిళ్లలో దూలమునకు గొలుసులతో వ్రేలాడు ఉయ్యాలబల్లను మనలో అనేకులు ఎరుగుదురు. ఇప్పుడు సిమెంటు కప్పులు వచ్చినందున, స్థలమున్నవారు తోటలో కఱ్ఱ చట్రము నిలిపి దానికి బల్లను కట్టించుకొనుచున్నారు. చేయించుకొనువారి విచారమంతయు బల్లను గూర్చియే: టేకు వేయవలెనా, మద్ది వేయవలెనా, వీపు ఆనుటకు ఎన్ని పలకలుండవలెను, ఏ రంగు పూయవలెను అని. పని తెలిసిన వడ్రంగి మాత్రము మొదట పైకి చూచును. బల్లను మోయు కొక్కెము దేనిలో దిగవలెనో అతడు ముందు నిర్ణయించును.

మరచీలను దూలములోనికి త్రిప్పి వదలిపెట్టుట చాలదు. ఊగినప్పుడెల్ల అది కొంచెము కొంచెముగా వదులగును. దూలమును నిలువునా తొలిచి, బోల్టును అడుగునుండి పైకి పంపి, పైన వెడల్పైన ఇనుప బిళ్ల వేసి నట్టు బిగింపవలెను. చట్రపు కాళ్లు అడుగున ఎడముగా చాచియుండవలెను. నిట్టనిలువుగా నిలిపినయెడల ఊపునకు చట్రమే కదలును. వానకాలమున బోల్టు రంధ్రములో నీరు నిలిచినచో కఱ్ఱ లోపల చివుకును, పైన రంగు మాత్రము చక్కగానే కనబడును. మరియొక సంగతి కలదు. ఇద్దరు కదలక కూర్చుండగా నూట ఇరువది కిలోల బరువున్నదనుకొనుడి. గొలుసు అరువది డిగ్రీల వరకు లేచునట్లు వారు ఊగినయెడల, బల్ల క్రిందికి వచ్చిన క్షణమున కొక్కెములమీద పడు భారము రెట్టింపగును. కాబట్టి కూర్చుండిన బరువును మాత్రమే లెక్కించి కట్టినవాడు సరిగా కట్టినవాడు కాడు.

యెషయా గ్రంథము ఇరువదిరెండవ అధ్యాయములో దేవుడు ఇట్టి మేకును గూర్చియే మాటలాడుచున్నాడు. హిజ్కియా రాజు కాలమున రాజగృహముపై నిర్వాహకుడైన షెబ్నా, తనకొరకు ఎత్తైన చోట సమాధిని తొలిపించుకొనుచుండెను. దేవుడు అతనిని తొలగించి, హిల్కీయా కుమారుడగు ఎల్యాకీమును ఆ పదవిలో నిలుపుదునని సెలవిచ్చెను. దావీదు ఇంటి తాళపుచెవి అతని భుజముమీద నుండును. గట్టి చోట కొట్టిన మేకువలె అతడు స్థిరపరచబడును. మన ప్రసంగములు సాధారణముగా తాళపుచెవి దగ్గరనే ఆగిపోవును. తరువాతి వచనములను చదువుటకు మనకు మనస్సు రాదు.

ఏలయనగా ఆ మేకుకు ఏమి తగిలించిరో యిరువదినాలుగవ వచనము చెప్పుచున్నది. అతని పితరుల యింటి ఘనత అంతయు, పిల్లలు, పిల్లల పిల్లలు, చిన్న గిన్నెలు మొదలుకొని కూజాల వరకు ఇంటిలోని సమస్తమును తెచ్చి ఆ యొక్క మేకుకు వ్రేలాడదీసిరి. అంతట మేకు ఊడెను. దానిమీదనున్న భారమంతయు నేలపడెను. ఎల్యాకీము చేసిన పాపమేదియు ఇచ్చట చెప్పబడలేదని గమనించుడి. మేకు మంచిదే, చోటు గట్టిదే. మోయుటకు ఏర్పడనిదానిని అది మోయవలసివచ్చినదని నేను తలంచుచున్నాను.

ఇట్టి మేకులు నేడు వేలకొలది ఒక్కచోట కనబడు పేట ఢిల్లీలో కలదు. ఓల్డ్ రాజిందర్ నగర్ దేశవిభజన తరువాత కాందిశీకులకొరకు ఏర్పడినది. మొదటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్‌గారి పేరు దానికి పెట్టిరి. నేడు దాని సందులలో సివిల్ సర్వీసుల పరీక్షలకు సిద్ధపడు యువజనులు కిక్కిరిసియున్నారు. మన తెలుగు పిల్లలును వారిలో కలరు. ఉయ్యాల వేసికొనుటకు పెరడు కాదు గదా, రెండు మంచములు పట్టు గదియే అచ్చట భాగ్యము. పొలము తాకట్టుపెట్టిన తండ్రి ఆశ, నగలు అమ్మిన తల్లి ఆశ, చెల్లెలి పెండ్లి, ఊరివారి యెదుట పరువు, ఒక్కొక్కసారి సంఘములో లేచి చెప్పబోవు సాక్ష్యముకూడ ఆ గదిలో చదువుకొను బిడ్డకు తగిలింపబడియుండును. 2023వ సంవత్సరపు పరీక్షకు పది లక్షలకు పైగా దరఖాస్తు చేసికొనగా, కడకు ఎంపికైనవారు 1,016 మంది. ఈ లెక్కను తలిదండ్రులు ఎరుగకపోలేదు. తమ బిడ్డ ఆ వేయిమందిలోనే యుండునని తలంచి ఇల్లంతయు తగిలించుచున్నారు.

2024 జూలై 27, శనివారము. ఉత్తరదేశపు లెక్క ప్రకారము శ్రావణమాసము వచ్చి అప్పటికి వారమైనను కాలేదు. చెట్లకు ఉయ్యాలలు కట్టు మాసమది. ఆ సాయంకాలపు వర్షమునకు ఓల్డ్ రాజిందర్ నగర్ వీధిలో నిలిచిన నీరు ఒక శిక్షణాలయపు నేలమాళిగలోనికి ఉరికెను. లోపల చదువుకొనుచున్నవారిలో ముగ్గురు మరణించిరి, ఇద్దరు యువతులు, ఒక యువకుడు. వారిలో ఒక యువతి కుటుంబము తెలంగాణలో నివసించునది. ఆ నేలమాళిగకు సామాను ఉంచుటకు, వాహనములు నిలుపుటకు మాత్రమే అనుమతియుండగా దానిని చదువు గదిగా వాడుచుండిరి. ఆగస్టు 2న ఢిల్లీ హైకోర్టు విచారణను సి.బి.ఐ.కి అప్పగించెను.

ఈ మరణములకు ఆ తలిదండ్రుల ఆశ కారణమని ఎవడైనను చెప్పినయెడల అది క్రూరత్వము. సిలోయము గోపురము పడి పదునెనిమిదిమంది చనిపోయినప్పుడు, వారు తక్కినవారికంటె ఎక్కువ అపరాధులని తలంపరాదని ప్రభువు ఖండితముగా చెప్పెను (లూకా 13:4). అయితే కట్టినవాని బాధ్యతను లేఖనము తేలికగా విడిచిపెట్టదు. క్రొత్త ఇల్లు కట్టించువాడు మిద్దెచుట్టు పిట్టగోడ కట్టవలెననియు, లేనియెడల పడినవాని రక్తము ఆ యింటిమీద ఉండుననియు ధర్మశాస్త్రము విధించుచున్నది (ద్వితీయోపదేశకాండము 22:8). నేలమాళిగను అద్దెకిచ్చువానికి, వాడువానికి, తనిఖీ చేయువానికి ఆ ఆజ్ఞ నేటికిని వర్తించును. తోటలో ఉయ్యాల కట్టు వడ్రంగికిని వర్తించును.

అయినను ఇంటింట జరుగు కార్యమును గూర్చి మాటలాడక తప్పదు. సరకు ఉంచవలసిన చోట మనుష్యులను కూర్చుండబెట్టుట తప్పని మనమందరము ఎలుగెత్తి చెప్పితిమి. దేవుడు మోయవలసిన భారమును ఇరువదిరెండేండ్ల బిడ్డకు తగిలించుట ఏమగును? పిల్లలను బల్లచుట్టునున్న ఒలీవ మొక్కలతో కీర్తనకారుడు పోల్చెను (కీర్తన 128:3). ఇంటి దూలములతో పోల్చలేదు. ద్రాక్షకఱ్ఱను ఎవరైనను మేకుగా కొట్టుదురా అని యెహెజ్కేలు ద్వారా దేవుడు అడిగెను (15:3). ఆ తీగె కాయుటకే నాటబడినది. దానికి బిందెను తగిలించి, విరిగిన తరువాత తీగెను నిందించు తోటమాలి ఎట్టివాడు?

మరి ఇంటి భారము ఎవనిమీద నుండవలెను? ఎల్యాకీము భుజముమీదనున్న దావీదు తాళపుచెవి ప్రకటన గ్రంథము మూడవ అధ్యాయములో యేసుక్రీస్తు ప్రభువు చేతిలో కనబడుచున్నది. ఊడిపోయిన మేకు సంగతి అచ్చట లేదు. యూదాలోనుండి మూలరాయి, మేకు వచ్చునని జెకర్యా ముందుగా చూచెను (10:4). నజరేతులో వడ్రంగి పని చేసిన ఆయన తానే మేకులచేత మ్రానుమీద వ్రేలాడెను. మన అవమానము, మన ఓటమి, మన పితరుల యింటి అప్పులన్నియు ఆయనకు తగిలింపబడెను. భారము రెట్టింపైన ఘడియలోను ఆయన మనలను విడువలేదు. పరువును ఆయనకు తగిలించిన ఇంటిలో బిడ్డకు ఊపిరియాడును. పరీక్ష వ్రాయుటకును వానికి బలముండును, ఏలయనగా తాను ఓడిపోయినను ఇల్లు కూలదని వాడు ఎరుగును.

కావున, చదువరులారా, ఢిల్లీకి పంపిన బిడ్డకు ఈ వారమే ఉత్తరము వ్రాయుడి, లేక ఫోనులో మాటలాడుడి. మార్కుల మాట ఎత్తకుడి. భోజనమును గూర్చి, నిద్రను గూర్చి, కూర్చుండు గదికి వాకిళ్లెన్ని యున్నవో, వాననీరు ఎటు పోవునో అడుగుడి. ఫలితము వచ్చిన దినమున పట్టికలో పేరు లేకుండ వచ్చువారే అనేకులు. తోట చూపించు నెపముతో బంధువులను పిలువవద్దు. ఉయ్యాలబల్ల చేయించుకొనువారు దాని పొడవు నాలుగడుగులకు తగ్గనీయకుడి. వాడు వచ్చి ఒక ప్రక్క కూర్చుండినప్పుడు, రెండవ ప్రక్క తండ్రియో తల్లియో కూర్చుండి, వాడు మాటలాడువరకు ఊరకుండవలెను.