మాటకు ఇరుగుపొరుగు

మాటకు అర్థం ఆ మాటలోనే నిక్షేపంలా దాగి ఉంటుందా, లేక వాక్యంలో దాని పక్కన నిలిచిన మాటల వల్ల సమకూరుతుందా అన్న ప్రశ్న పైకి వ్యాకరణానికి చెందినదిగా కనబడినా, భారతీయ దర్శనాలలో అది మొదటినుంచీ మతవిషయమే. వేదం ప్రమాణమని ఒప్పుకున్న వారందరికీ ఆ ప్రమాణం అందేది వాక్యరూపంలోనే కనుక, ఒక్క పదానికి అర్థం మారితే కొలిచే దైవమే మారిపోయే ప్రమాదం ఉంది. గ్రంథాలలో వాదోపవాదాలుగా సాగిన ఈ ప్రశ్న, రెండు భాషల నడుమ తరతరాలుగా బతుకుతున్న వారి ఇళ్లలో నిత్యవ్యవహారంగా కనిపిస్తుంది. అటువంటి వారిలో మదురై, కోయంబత్తూరు ప్రాంతాల తెలుగువారు ముఖ్యులు.

విశ్వనాథ నాయకుడు 1529 ప్రాంతంలో మదురై పాలన చేపట్టినప్పటినుంచి 1736లో రాణి మీనాక్షితో ఆ వంశం ముగిసేదాకా విజయనగర సీమల నుంచి అనేక వర్గాల తెలుగువారు దక్షిణానికి తరలివెళ్లారు, కొందరు అంతకు ముందే వెళ్లి స్థిరపడ్డారు. కమ్మ, బలిజ నాయుళ్లు, రాజకంబళ నాయకులు, అరుంధతీయులు మొదలైన ఈ వర్గాలలో చాలామందికి బడిలోనూ బజారులోనూ తమిళమే తప్పదు గనుక, తెలుగు వారికి చూపుతో కన్నా చెవితో తెలిసిన భాషగా నిలిచింది. ఈ రెండు భాషలకూ సంస్కృతం నుంచి వచ్చిన మాటలు ఉమ్మడి ఆస్తి. అయితే ఉమ్మడి ఆస్తిని అన్నదమ్ములు తలో రకంగా అనుభవించినట్టే, ఒకే మాట రెండు భాషలలో రెండు దారులు పట్టింది.

ఉదాహరణకు సంస్కృతంలో సందర్భం, సమయం అనే అర్థాలున్న ‘అవసరం’ తెలుగులో కావలసి ఉండటాన్నీ, తమిళంలో తొందరనూ చెబుతుంది. రెండు భాషలూ మాట్లాడే ఇంట్లో “అవసరం లేదు” అన్న మాట వినబడితే అది ఏ అర్థమో ఆ ఒక్క మాటతోనే తేలదు. “అవసరం లేదు, మెల్లగా రండి” అన్నప్పుడు ‘మెల్లగా’ అన్న మాట తొందరను తెచ్చి పక్కన నిలబెడుతుంది. “అవసరం లేదు, ఇంట్లో ఇంకా ఉంది” అన్నప్పుడు అదే మాట కావలసి ఉండటం వైపు తిరుగుతుంది. ‘సంసారం’ మరీ చిక్కుమాట: వేదాంతంలో అది చావుపుట్టుకల చక్రం, తెలుగు వాడుకలో ఇల్లు, పిల్లలు, కాపురం, తమిళ వాడుకలో భార్య. 1986లో ‘సంసారం అదు మిన్సారం’ అన్న తమిళ చిత్రం పేరు సంసారాన్ని కరెంటుతో పోల్చి నవ్విస్తే, మరుసటి ఏడు దాని తెలుగు రూపం ‘సంసారం ఒక చదరంగం’ అయింది. తెలుగు ప్రేక్షకుడికి ఆ మాట ఇల్లాలిని కాక కాపురాన్ని గుర్తుచేస్తుంది కనుక, విద్యుత్తుకన్నా చదరంగమే దానికి అమరుతుంది. సంసారాన్ని దాటించమని దేవుణ్ణి వేడుకునే భక్తుడు ఏది దాటదలచుకున్నాడో ఆ భక్తుడి భాష తెలియకుండా తేల్చడం కష్టమే.

ఇటువంటి చిక్కును విడదీయడానికి భర్తృహరి తన వాక్యపదీయంలో సంయోగం, వియోగం, సాహచర్యం, విరోధం, ప్రయోజనం, ప్రకరణం, లింగం, మరొక పదం దగ్గర ఉండటం, సామర్థ్యం, ఔచిత్యం, దేశం, కాలం మొదలైన పద్నాలుగు ఆధారాలను లెక్కించాడు. ఇక్కడ ప్రకరణమంటే మాట పుట్టిన సందర్భం, లింగమంటే ఒక అర్థానికే చెల్లే గుర్తు. సైంధవమంటే ఉప్పు, గుర్రం కూడా. భోజనానికి కూర్చున్నవాడు అడిగితే ఉప్పు, ప్రయాణానికి లేచినవాడు అడిగితే గుర్రం అన్నది శాస్త్రకారులకు ఇష్టమైన ఉదాహరణ. తెలుగులో ‘తీర్థం’ దానికి ఏమీ తీసిపోదు: తీర్థం పుచ్చుకున్నాడంటే అరచేతిలోకి వచ్చిన నీరు, తీర్థంలో మునిగాడంటే కోనేరు, తీర్థంలో పిల్లవాడు తప్పిపోయాడంటే జాతర. క్రియాపదం ఒక్కటే మూడుచోట్లా తీర్పు చెప్పింది. మొదటి వాక్యాన్నే ఎవరైనా కన్నుగీటి చెప్పారనుకుంటే అది కల్లు దుకాణం దాకా వెళుతుంది. ఆ కన్నుగీటడం భర్తృహరి పట్టికలో ఎక్కడ ఇముడుతుందో పండితులు చూసుకోవాలి.

ఈ పద్ధతి మతానికి ఎంత పెద్ద పని చేసిందో ఛాందోగ్యోపనిషత్తులోని ‘ఆకాశం’ చెబుతుంది. ఈ లోకానికి ఆధారమేమిటని అడిగితే ప్రవాహణ జైవలి ఆకాశమని బదులిచ్చాడు. నిఘంటువు ప్రకారం అది పంచభూతాలలో ఒకటి. అయితే భూతాలన్నీ ఆకాశం నుంచే పుట్టి అందులోనే లయిస్తాయని ఆ పక్కనే ఉంది. తానే ఒక భూతమైనది అన్ని భూతాలకూ పుట్టిల్లు కావడం పొసగదు గనుక, ఆ గుర్తును బట్టి ఆ మాట పరబ్రహ్మాన్నే చెబుతోందని బ్రహ్మసూత్రాల మొదటి పాదం నిర్ణయించింది. ఎన్నో విషయాలలో విభేదించిన శంకరుడూ రామానుజుడూ ఈ నిర్ణయంలో ఒక్కటయ్యారు. కానీ ఇదే అదనుగా సందర్భం పేరు చెప్పి మాటను ఎటైనా వంచవచ్చునని అనుకోరాదు. మీమాంసకులు శ్రుతి, లింగం, వాక్యం, ప్రకరణం, స్థానం, సమాఖ్య అనే ఆరు ప్రమాణాలు వరుసగా పెట్టి, ముందున్నదానికన్నా వెనకది బలహీనమన్నారు. అంటే సూటిగా పలికిన మాటకు మొదటి పీట, ప్రకరణానికి నాలుగో పీట. ఈ కట్టుదిట్టం లేకపోతే శాస్త్రం చదివేవాడి ఇష్టమే శాస్త్రమవుతుంది.

అసలు మాట మొదట ఎలా తెలుస్తుందన్న దగ్గర తగవు మరింత లోతుకు వెళ్లింది. మీమాంసకులలో కుమారిలుడి పక్షం వారు పదాలు వేటి అర్థం అవి చెప్పిన తరువాత ఆ అర్థాలు కూడి వాక్యార్థమవుతాయన్నారు, దీన్ని అభిహితాన్వయవాదమంటారు. ప్రభాకరుడి పక్షం వారు పదం మరొకదానితో కూడిన అర్థాన్నే చెబుతుంది తప్ప ఒంటరిగా దేన్నీ చెప్పదన్నారు, ఇది అన్వితాభిధానవాదం. పిల్లలు మాట నేర్చే తీరే దీనికి వారి సాక్ష్యం: ఆవును తెమ్మని ఒక పెద్ద ఇంకొకరితో అంటే అతడు తెచ్చాడు, ఆవును కట్టమంటే కట్టాడు, గుర్రాన్ని తెమ్మంటే మరోదాన్ని తెచ్చాడు. పక్కన నిలబడి చూసిన పిల్లవాడు ఏ మాట తీసేస్తే ఏది మారిందో పోల్చుకొని అర్థాలు విడదీసుకుంటాడు. దీన్ని బట్టి ప్రభాకరులు మరో అడుగు వేసి, మాటలు ఆజ్ఞల వల్లనే తెలుస్తాయి కనుక వేదం తాత్పర్యమంతా చేయవలసిన పనిలోనే ఉందని, ఉన్న వస్తువును ఊరకే వర్ణించడంలో లేదని వాదించారు. అది నిలబడితే బ్రహ్మం ఉందని చెప్పే ఉపనిషద్వాక్యాలు నోరు మూసుకోవలసిందే.

ఈ వాదాన్ని రామానుజుడు ఎదుర్కొన్న తీరు ఇంటింటికీ తెలిసినదే. తల్లిదండ్రులు వేలు చూపి, ఇది అమ్మ, ఇడుగో మామ, అదిగో చంద్రుడు అని పదేపదే చెప్పడం వల్ల కూడా పిల్లలు మాటలు నేర్చుకుంటారని, ఆ నేర్పులో ఆజ్ఞ ఏదీ లేదని ఆయన చూపాడు. కాబట్టి మాట ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పగలదు, దేవుణ్ణి కూడా. అక్షరం దిద్దకుండా తెలుగు నేర్చే కోయంబత్తూరు పిల్లవాడి విషయంలో ఇద్దరి మాటా నిజమే. “చెంబు తే”, “చెంబు అక్కడ పెట్టు”, “ఆకు తే” అని వంటింట్లో వినబడినంతసేపు ప్రభాకరుడు గెలుస్తాడు. అవ్వ దీపం వైపు చెయ్యెత్తి “సామి” అన్నప్పుడు గెలుపు రామానుజుడిది. అయితే ఆ చూపిన వేలు దీపాన్ని చెబుతోందా, పటాన్ని చెబుతోందా, పటంలో ఉన్నవాణ్ణి చెబుతోందా అన్నది ఒక్క వేలితో తేలదు. మరునాడు “సామికి దండం పెట్టు” అని, ఇంకోనాడు “సామి చూస్తాడు” అని విన్న తరువాతే పిల్లవాడికి అది తేలుతుంది గనుక, వేలిచూపు కూడా చివరకు వాక్యం చేతిలోనే పడుతుందనడం న్యాయం.

మదురైకే చెందిన ఒక కావ్యఘట్టం ఈ ప్రశ్నను మరో అంచుకు తీసుకువెళుతుంది. కృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలో మత్స్యధ్వజుడనే పాండ్యరాజు ఒక రాత్రి భోగిని, అంటే ఉంపుడుకత్తె, ఇంటికి బయలుదేరతాడు. చేపను జెండాగా గలవాడని ఆ పేరుకు అర్థం. మరోచోటైతే మీనధ్వజుడంటే మన్మథుడే గుర్తుకొస్తాడు, మదురైలో మాత్రం పాండ్యుడు, ఇది భర్తృహరి చెప్పిన ‘దేశం’ అనే ఆధారానికి చక్కని ఉదాహరణ. ఆ రాత్రి ఆ రాజులో రెండు అర్థాలూ కలిసే నడుస్తున్నాయి. దారిలో ఒక పరదేశి బ్రాహ్మణుడు నోటికొచ్చిన నీతిపద్యం చదువుకుంటున్నాడు: వానాకాలానికి ఎనిమిది నెలలూ, రాత్రికి పగటిపూటా, ముసలితనానికి వయసులోనూ, పరానికి ఇహంలోనూ సమకూర్చుకోవాలని దాని సారాంశం. ఆ పద్యం రాజు కోసం చదివింది కాదు, రాజు అక్కడ ఉన్న సంగతి కూడా ఆ చదివేవాడికి పట్టలేదు. ‘పొద్దు గుంకింది’ అన్న వాక్యం ఒక్కో శ్రోతకు ఒక్కో అర్థం చెబుతుందని మమ్మటుడు కావ్యప్రకాశంలో చూపినట్టే, వక్త తలచని అర్థం శ్రోత నిలబడిన చోటు వల్ల పుట్టింది. ‘రాత్రి’ అన్న మాట ఆ బ్రాహ్మణుడికి పద్యంలోని ఒక పోలిక, రాజుకు అప్పుడు తాను నడుస్తున్న చీకటి. ఆ పద్యం మనసుకు తగిలిన మత్స్యధ్వజుడు ఆపై పరతత్త్వమేదో తేల్చమని పండితులను పిలిపించాడు, ఆ సభకు శ్రీవిల్లిపుత్తూరు నుంచి విష్ణుభక్తుడైన విష్ణుచిత్తుడు వచ్చాడు.