చెట్టు ఎవలది?

రెడ్ వైన్‌ని గది ఉష్ణోగ్రతలో వడ్డించాలని అందరూ చెప్తారు. ఆ గది ఏ ఊళ్ళో ఉందో మాత్రం ఎవరూ చెప్పరు. 16 నుంచి 18 డిగ్రీలని లెక్క. మే నెలలో కరీంనగర్‌లో మా ఇంటి ముందరి గదికి ఆ అంకెతో ఏ సంబంధమూ లేదు. అందుకని తెచ్చిన సీసాని అరగంట ఫ్రిజ్‌లో పెట్టాను, పెరుగు గిన్నె పక్కన.

అది కియాంతి. ఇటలీలో టస్కనీ ప్రాంతపు వైన్. కనీసం 70 శాతం సాంజొవేజే అనే ద్రాక్షతో చెయ్యాలని అక్కడి నియమం. 'మీడియం బాడీ' అంటారు దీన్ని. అంటే నోట్లో నీళ్ళలా జారిపోదు, అలాగని పాలమీగడలా పట్టుకునీ ఉండదు. గొప్ప సీసా కాదు. అక్కడ మామూలు మనిషి రాత్రి భోజనంలోకి ఆలోచించకుండా కొనుక్కునే సరుకు. వైన్ మీద దిగుమతి సుంకమే మన దగ్గర ఏళ్ళ తరబడి 150 శాతం. దాని మీద రాష్ట్రం పన్నులు. హైదరాబాద్‌లో నేను కొనేసరికి మా ఊరి కూలీకి మూడు నాలుగు రోజుల సంపాదన అయింది. చవక అనే మాట కూడా ఓడెక్కి వస్తే మారిపోతుంది.

తెచ్చింది బాపు కోసం. బాపు ముప్పై ఏళ్ళకు పైగా తాళ్ళెక్కాడు. మోకాళ్ళు పోయాక మోకు, ముస్తాదు గోడకు తగిలించాడు. ఇంజనీరింగ్ కాలేజీలో మీ నాన్న ఏం చేస్తారని ఎవరైనా అడిగితే 'వ్యవసాయం' అని చెప్పినవాణ్ణి నేను. నాలుగేళ్ళూ అదే చెప్పాను. తర్వాత ఉద్యోగం వచ్చింది, ఆఫీసు వాళ్ళతో కలిసి వైన్ టేస్టింగులకు పోయాను, గ్లాసు తిప్పడం, ముక్కు పెట్టడం, టానిన్, ఫినిష్ అన్నీ నేర్చుకున్నాను. చెర్రీ వాసన వస్తోందని నలుగురిలో అన్నాను. నిజానికి అప్పటికి నేను తాజా చెర్రీ తిన్నది ఒక్కసారే.

కాడ ఉన్న గ్లాసులు ఇంట్లో లేవు. చాయ్ గ్లాసుల్లో మూడో వంతు పోశాను. బాపు తిప్పలేదు. వేలు ముంచి రెండు చుక్కలు కింద వదిలాడు, ఎల్లమ్మకు సాక. తర్వాత ఒక గుక్క నోట్లో ఉంచుకుని, మింగి, కాసేపు ఊరుకున్నాడు.

"పులుపు మంచిగున్నది. వగరు గూడ ఉన్నది. ఊకె తాగేది గాదు బిడ్డా ఇది. కూర లేదా?"

ఇదే సంగతి టేస్టింగ్‌లో మాకు అరగంట చెప్పారు. సాంజొవేజేలో పులుపు ఎక్కువ, టానిన్ ఉంటుంది, కాబట్టి తిండి పక్కన పెట్టి వడ్డించాలి అని, బొమ్మలు చూపించి మరీ. పొద్దుటి కోడికూర వేడి చేసి తెచ్చాను. బాపు ఇంకో గుక్క తాగి అడిగాడు: "చెట్టు ఎవలది?"

సీసా తిప్పి చూశాను. ప్రాంతం ఉంది, సంవత్సరం ఉంది, ఆల్కహాల్ శాతం ఉంది. మెడ మీద వరుస సంఖ్య వేసిన ప్రభుత్వపు కాగితప్పట్టీ ఉంది. మనిషి పేరు లేదు.

రుచి గురించి తత్వవేత్తలు రాసినవాటిలో నాకు బాగా నచ్చేది డేవిడ్ హ్యూమ్ 1757లో అచ్చువేసిన వ్యాసం. అందులో డాన్ కిహోటే నవల నుంచి తీసుకున్న కథ ఒకటుంది. సాంకో బంధువులిద్దరు ఒక పీపాలోని వైన్ రుచి చూస్తారు. బాగానే ఉంది గానీ తోలు వాసన అంటాడొకడు, ఇనుము వాసన అంటాడింకొకడు. జనం నవ్వుతారు. పీపా ఖాళీ అయ్యాక అడుగున తోలుపట్టీకి కట్టిన తాళంచెవి దొరుకుతుంది. రుచి ఎవరిది వాళ్ళదే కావచ్చు, కానీ కొన్ని నాలుకలు పీపాలో నిజంగా ఉన్నదాన్ని కనిపెడతాయి. అలాంటి నాలుకకు సున్నితత్వం, అభ్యాసం, పోల్చి చూసిన అనుభవం కావాలన్నాడు హ్యూమ్.

ఈ మూడూ బాపుకు ఉన్నాయి. పొద్దుగాల లొట్టి మూతి దగ్గర ముక్కు పెట్టి అది పోతుతాడుదో పండుతాడుదో చెప్పేవాడు, లొట్టి సరిగా కడగకపోతే కడగలేదనేవాడు. అయినా ఆయన్ని ఎవరూ విమర్శకుడు అనలేదు. కారణం హ్యూమ్ వ్యాసంలోనే ఉందనుకుంటాను. ఆయన చివరికి ఆధారపడేది కాలపరీక్ష మీద. రెండు వేల ఏళ్ళ కింద నచ్చిన హోమర్ ఇప్పటికీ నచ్చుతున్నాడు, కాబట్టి గొప్పవాడు. మరి కల్లుకి కాలపరీక్ష ఎట్లా? రాత్రంతా లొట్టిలోకి బొట్టుబొట్టుగా దిగుతూనే పులవడం మొదలవుతుంది. తెల్లవారి తియ్యన, పగటికి ఘాటు, సాయంత్రానికి పులుపు, మర్నాటికి పనికిరాదు. లొట్టికి సున్నం పూస్తే పులవదు గానీ అప్పుడది నీరా, కల్లు కాదు. హ్యూమ్ కొలబద్ద నిలవ ఉండేవాటి కోసం, ఓడెక్కేవాటి కోసం తయారైంది. (మా జిల్లా ఒగ్గుకథకు అచ్చు పుస్తకం ముందు జరిగేదీ ఇదే, కానీ అది ఇంకో వ్యాసం.)

ఇది మర్యాదలకూ నామోషీలకూ సంబంధించిన గొడవ మాత్రమే అయితే నేను రాయకపోదును.

1986లో ఇటలీలో చవక వైన్‌లో మిథనాల్ కలిపి అమ్మారు. ఇరవై మందికి పైగా చచ్చిపోయారు, కొందరికి చూపు పోయింది. ఆ దేశపు వైన్‌కి ప్రపంచమంతా చెడ్డపేరు వచ్చింది. ఆ తర్వాత తనిఖీలు, నియమాలు గట్టిపడ్డాయి. మా ఫ్రిజ్‌లోకి వచ్చిన సీసా చవకది, అయినా నమ్మి తాగొచ్చు. మనం గ్లాసు తిప్పుతూ ముచ్చటపడే సువాసనల కన్నా నాకు ఇది పెద్ద విషయం. డబ్బున్నవాడికి మంచి సరుకు ఎప్పుడూ దొరుకుతుంది. డబ్బులేనివాడికి కల్తీ లేని సరుకు దొరకాలంటే ఒక సమాజం దాని కోసం పూనుకోవాలి.

మన దగ్గర కల్లు కంపౌండ్లలో క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రజోలం కలుపుతారని తెలియనివాళ్ళు లేరు. 2025 జులైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారు. చెట్లు తక్కువ, తాగేవాళ్ళు ఎక్కువ, లాభం కావాలి, ఆ లెక్కలన్నీ నిజమే. కానీ ఇంకోటి కూడా ఉంది. తాగేవాడు రుచి అడగడం మానేసి 'ఎక్కిందా లేదా' అన్నది ఒక్కటే అడిగినప్పుడు, పోసేవాడికి కల్లు అవసరం లేదు, మందు చాలు. తోలు వాసన, ఇనుము వాసన చెప్పగలిగే నాలుకలు ఆ బల్ల ముందు లేవు. ఉన్నా వాళ్ళ మాటకు విలువ లేదు.

ఊళ్ళో మండువలో ఇది ఎందుకు తక్కువ? అక్కడ 'చెట్టు ఎవలది' అన్న ప్రశ్నకు ఒక మొఖం జవాబు చెప్తుంది. తాటాకు రేకలోకి కల్లు వంపేవాడు రేపు పొద్దున మళ్ళీ అదే బాటలో ఎదురుపడాలి. ఇటలీ ఆ మొఖం బదులు కాగితప్పట్టీ పెట్టుకుంది. పట్టీ మొఖమంత మంచిది కాదని బాపు ఉద్దేశం. నాకు పట్టీ మీదే నమ్మకం కొంచెం ఎక్కువ, నేను పట్నంవాణ్ణి. కానీ కంపౌండ్‌కు వచ్చే అడ్డా కూలీకి మొఖమూ లేదు, పట్టీ లేదు.

ఆదిలాబాద్ అడవుల్లో ఇప్పసారా సంగతి ఇంకా అన్యాయం. ఎండాకాలం మొదట్లో తెల్లవారకముందే రాలిన పువ్వు ఏరి, ఎండబెట్టి, పులవబెట్టి, బట్టీ పెట్టి దింపేది. గోండుల పండగల్లో దేవుడికి పోసి తాగేది. దాని గురించి తెలుగులో నేను చదివినవన్నీ 'నాటుసారా స్థావరాలపై దాడి' వార్తలే. ఆ భాషలో ఏ రుచీ ఉండే అవకాశం లేదు.

తాగుడు కొంపలు ముంచదని నేను అనడం లేదు, మా వాడలోనే చూశాను. తాటిచెట్టు మీంచి పడ్డవాళ్ళనూ చూశాను. నా ప్రశ్న నా గురించి. టస్కనీ ద్రాక్షకు తెలుగులో మాటలు వెతికినవాణ్ణి, మా చెట్లకు ఉన్న మాటలు ఒక్కటీ రాసిపెట్టలేదు. పైగా వాటిని 'వ్యవసాయం' కింద దాచాను. సిగ్గుపడి నేను నోరు మూసుకున్న చోటే కల్తీ చేసేవాడు దుకాణం తెరిచాడంటే అది అతిశయోక్తేమో. పూర్తిగా అబద్ధమని మాత్రం నన్ను నేను ఒప్పించుకోలేకపోతున్నాను.

కూర అయిపోయింది, సీసా సగం మిగిలింది. బిరడా తీశాం కాబట్టి దానికీ ఇప్పుడు గాలి తగిలింది, రెండు మూడు రోజుల్లో తాగెయ్యాలి. ఫోన్ తీసి, నువ్వెక్కిన చెట్లు వరసగా చెప్పు బాపూ, ఏది ఎట్లుండేదో, అన్నాను. ఎందుకని అడగలేదు. బాయి కాడిది తియ్యగ, నీళ్ళోలె దిగుతది. గుడి ఎనుకది జర వగరు, బలంగుంటది, ఎండకాలం నాలుగు లొట్లు పారేది. మూడోదాని దగ్గర ఆగాడు.

"గది ఇప్పుడు లేదు. రోడ్డుల పోయింది."

"రుచి ఎట్లుండేది?"

గ్లాసు అడుగున మిగిలింది తాగి, ఆలోచిస్తూ కూర్చున్నాడు.