శివారుకు చేరవలసిన విశ్రాంతి

డిసెంబరు మూడవ వారము వచ్చునప్పటికి మన కృష్ణా డెల్టాలోని క్రైస్తవ గృహములందు ఒక తొందర కనబడును. పల్లెలలో సార్వా వరికోతలు, కుప్పనూర్పులు ముగియవలెను. బెజవాడలో ఆఫీసు లెక్కలు తేలవలెను, పిల్లల పరీక్షలు కావలెను, గోడలకు రంగులు పడవలెను, వాకిట నక్షత్రము వెలుగవలెను. రాత్రి కేరల్స్ బృందము వచ్చువేళకు టీ సిద్ధముగా నుండవలెను. ఇన్నిటి నడుమ ఇంటిల్లిపాది నోట వినబడు మాట ఒక్కటే: “సెలవులు రానీ, హాయిగా విశ్రాంతి తీసికొందము.”

ఆ కోరిక మంచిదే. అయితే ప్రియ చదువరీ, ఆ విశ్రాంతి ఇంటిలో ఎవరికి దొరకుచున్నదో ఎన్నడైనను తలంచితివా? తండ్రి ఆఫీసు మూసిరి. పిల్లల బడి మూసిరి. తల్లి వంటగదికి మాత్రము పని నాటినుండియే పెరుగును. అరిసెలు, జంతికలు, గవ్వలు, ఆపైన బంధువుల భోజనములు. ఒకపూట వచ్చు పనిమనిషిని రెండుపూటల రమ్మందుము. నలుగురి సెలవు బరువు ఇద్దరి వీపున పడినయెడల దానిని కుటుంబపు విశ్రాంతి అనవచ్చునా?

మన కాలువలను చూచి దీనిని గ్రహింపవచ్చును. బెజవాడ యొద్ద 1855లో ఆనకట్ట ముగిసినది; దానికి బదులుగా 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చినది. అక్కడ బయలుదేరిన నీరు ఎగువ చేలకు సులువుగా అందును. దివిసీమలోను, బంటుమిల్లి, కృత్తివెన్ను ప్రాంతములలోను ఉన్న శివారు రైతు మాత్రము కాలువగట్టున నిలిచి ఎదురుచూడవలెను. ఎగువవారు మితిమీరి పెట్టుకొన్నచో దిగువవాని మడి నెర్రెలు విచ్చును. కావున కాలువ బాగుగా పారుచున్నదో లేదో మొదట చూచి చెప్పరాదు. శివారున చూచి చెప్పవలెను. గృహములోని విశ్రాంతియు అట్టిదే.

విశ్రాంతి దినపు ఆజ్ఞను గమనింపుము. నిర్గమకాండము 20వ అధ్యాయములో దేవుడు గృహ యజమానితో మాటలాడుచు అతని కుమారుని, కుమార్తెను, దాసుని, దాసిని, పశువులను, ఇంటనున్న పరదేశిని ఒక్కొక్కరిగా లెక్కించెను. ఆ వరుసలో భార్య కనబడదు. “నీవు” అను మాటలోనే ఆమెయు చేరియున్నదని గ్రహించుట న్యాయము. మన ఇండ్లలో మాత్రము, ఆమె ప్రస్తావన లేదు గనుక ఆమెకు సెలవును లేదన్నట్లు నడుచుకొనుచున్నాము.

ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయము ఈ ఆజ్ఞకు ఒక కారణము చెప్పును: ఐగుప్తులో తాము దాసులై యుండిన సంగతి వారు మరువరాదు. ఆ దాసుల పక్షమున మోషే ఫరోను మొదట అడిగినదేమి? అరణ్యములో పండుగ చేసికొనుటకు సెలవే. ఫరో వారిని సోమరులని తిట్టి, ఇటుకల లెక్క తగ్గింపకయే గడ్డి ఇచ్చుట మాన్పించెను. సెలవు ఎన్నడును పేదవానికి ఊరక దొరకలేదు. బొంబాయి మిల్లు కార్మికులకు ఆదివారపు సెలవు కూడ నారాయణ మేఘాజీ లోఖండే ఏండ్ల తరబడి అడిగిన పిమ్మట 1890లో వచ్చినది. పండుగకు రెండు దినములు సెలవడిగిన పనిమనిషితో “పని ఉన్నప్పుడే నీకు సెలవు కావలెనా?” అనునపుడు మన నోట పలుకుచున్నది ఎవరి మాటయో యోచింపవలెను.

“అయ్యగారూ, పని ఆగునా?” అని కొందరు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరము దాటినపుడు డెల్టాలో వరి చేలు నీట మునిగినవి. అట్టి వేళ రైతును పనలు విడిచి పండుకొనుమని ఎవరును చెప్పరు. బావిలో పడిన ఎద్దును విశ్రాంతి దినమున పైకి తీయుట తగునని ప్రభువే చూపెను. క్రిస్మస్ రాత్రియు విజయవాడ జంక్షనులో రైళ్లు నడచును. ఆసుపత్రిలో నర్సు మేలుకొనియుండును. మొదటి క్రిస్మస్ వార్త విన్న గొఱ్ఱెల కాపరులును రాత్రి పనిలోనున్నవారే. పని పాపము కాదు. తప్పించుకొనగలవారు తప్పించుకొని, తప్పించుకొనలేనివారి మీద దానిని మోపుటయే పాపము.

పునరుత్థానుడైన ప్రభువు తిబెరియ తీరమున ఏమి చేసెను? రాత్రియంతయు వలలతో శ్రమపడి వచ్చిన శిష్యులకొరకు నిప్పులమీద చేపలను, రొట్టెను సిద్ధపరచి వారిని భోజనమునకు పిలిచెను. ఆయన చేతులకు తగిన పని మన ఇంటి మగవారి చేతులకు తక్కువ కానేరదు.

విశ్రాంతి 25వ తేదీ ఉదయమున ఒక్కసారిగా వచ్చి వాలదు. వారము ముందునుండియే పనులు ఒక్కొక్కటిగా దింపుకొనవలెను. పిండివంటలలో రెండు తగ్గింపుడి. ఒకపూట వంట తండ్రియు కుమారులును చేయుడి. పనిమనిషి జీతమును పండుగకు ముందే ఇచ్చి, కోత పెట్టక సెలవిచ్చి పంపుడి. క్రొత్త చీర మంచిదే గాని అది సెలవుకు బదులు కాదు.

క్రిస్మస్ రాత్రి దీపములు ఆర్పునపుడు ప్రతి కుటుంబము ఒక ప్రశ్న వేసికొనవలెను: నేడు ఈ ఇంట అందరికంటె చివర కూర్చుండి భోజనము చేసినది ఎవరు? ఆ మనిషికి అలసట తీరినదా? తీరినయెడల శివారుకు నీరు చేరినట్లే.