నాగరకతకు మేర గలదా?

శక్తివినియోగము పెరిగినకొలది నాగరకత పెరుగుననియు, ఆ పెరుగుదలకు మేర లేదనియు విద్యావంతులలో ననేకులు తలచుచున్నారు. 1964వ సంవత్సరమున కార్దాషేవ్ అను సోవియెట్ ఖగోళశాస్త్రజ్ఞుడు నాగరకతలను శక్తివినియోగమునుబట్టి మూడు తరగతులుగా విభజించెను. ఒక గ్రహము మేరకు శక్తిని వాడునది మొదటిది. ఒక నక్షత్రముయొక్క సమస్తశక్తిని వాడునది రెండవది. పాలపుంతవంటి నక్షత్రసమూహముయొక్క శక్తినంతను వాడునది మూడవది. ఈ కొలత పరిశోధకులకు ఉపకరించుగాక. దీనినే మనుష్యజాతికి గమ్యముగా గైకొనవచ్చునా యని మేము విచారింపగోరుచున్నాము.

మొదట లెక్క చూతము. శక్తివినియోగము ఏటేట నూటికి 2.3 వంతున పెరిగినయెడల నూరేండ్లకు దాదాపు పదిరెట్లగును. భూమిపై బడు సూర్యశక్తి నేడు మానవులు వాడు శక్తికి ఇంచుమించు 9,000 రెట్లు. కావున 400 యేండ్లకే మన వాడుక దానితో సమానమగును. వాడిన శక్తి యంతయు తుదకు వేడిమియే యగుట ప్రకృతినియమము. ఆ శక్తిని పరమాణువులనుండి తీసితిమా, నేలమీద రెండవ సూర్యుని వెలిగించినట్లే. సూర్యరశ్మినే గైకొందుమన్నను అంతకుమించి దొరకదు.

ఇతర నక్షత్రములకు బోదుమందురా? అదే వడిని పెరిగిన కోరిక సుమారు 2,400 యేండ్లలో పాలపుంతయందలి నక్షత్రకాంతినంతను మించును. ఆ పాలపుంతను దాటుటకు వెలుతురునకే లక్ష యేండ్లు పట్టును.

కావున మితము తప్పదు. దానిని విధించువా రెవరనునదే ప్రశ్న. మనమే విచారించి విధించుకొన్నచో నది ధర్మము. ప్రకృతి విధించినచో దండనము. ఆ దండనము అపరాధులమీద గాక, ఇంకను జన్మింపనివారిమీద బడును.

అయినను దీపము లేని యింటివానికి మితమును బోధించుట న్యాయము గాదు. వాని యింటికి దీపమును, వాని పొలమునకు నీరును రావలసినదే. మితము సమృద్ధిగలవారియొద్ద, అనగా నీ పంక్తులను వ్రాయుచు జదువుచునున్న మనయొద్దనే, ఆరంభము గావలెను.

మేర లేక పెరుగదగినవియు గలవు. విద్య పంచినకొలది తరుగదు. ఒకనికి జేసిన న్యాయమువలన మరియొకనికి న్యాయము కొరవడదు. సూర్యుని తేజము క్రమముగా హెచ్చుటచే ఇంచుమించు 100 కోట్ల యేండ్లకు సముద్రములు ఇంకిపోవునని శాస్త్రజ్ఞుల యంచనా. అంతటి దీర్ఘకాలమును కొన్ని శతాబ్దముల యాశకు బలియిచ్చుట వివేకమగునా యని చదువరులు యోచింతురుగాక.