వంగిన పైపు

నిజాంసాగర్ కాలువ కింది ఊళ్లలో నీళ్ల నడక ఎవరికీ కొత్తగా నేర్పక్కర్లేదు. 1931లో మంజీర మీద ఆ ప్రాజెక్టు పూర్తయిన నాటి నుంచి తాతలు, తండ్రులు తూముల దగ్గరే పెరిగారు. ఈ కథ మహమ్మద్ నగర్ పొలాల్లో జరిగిందనుకుని వినండి.

కాలువ నీళ్లు అందని చివరి మడి రైతు ఒకడు బోరు వేయించుకున్నాడు. గట్టున సిమెంటు స్తంభం పాతారు. పైనున్న తీగల నుంచి స్తంభం వెంట పైపులో వైరు దించి, కింద స్టార్టర్ డబ్బాకు కలపాలి. ముసలి లైన్‌మన్, ఆయన వెంట పని నేర్చుకుంటున్న కుర్రవాడు వచ్చారు. సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకుని, అంటే సప్లై ఆపించి, తీగలకు ఎర్త్ వేశాకే ముసలాయన నిచ్చెన మీద కాలు పెట్టాడు.

పైపు బిగించడానికి కుర్రవాడు స్తంభానికి రంధ్రం వేయబోయాడు.

"ఆగు బిడ్డా. లోపల ఉక్కు తీగలు లాగి బిగించి పోసింటరు. ఒక్కటి తెగినా స్తంభం బలం పోతది. క్లాంపులు వేసి కట్టు."

తర్వాత పైపు కొసకు ఊతకర్ర పిడిలా వంగిన బెండు తొడిగి, దాని మూతిని నేలవైపు తిప్పాడు. తీగల నుంచి వచ్చే వైరును నేరుగా మూతిలోకి దూర్చలేదు. మూతి కన్నా జానెడు కిందికి వేలాడదీసి, అక్కణ్ణుంచి మళ్లీ పైకి తెచ్చి లోపలికి పంపాడు. "వాన నీళ్లు వైరు పట్టుకుని నడుస్తయి. ఈ వంపు కాడికొచ్చి కింద రాలాలె" అన్నాడు. స్తంభం అడుగున కూడా అంతే. పైపును డబ్బా కన్నా కిందికి దించి, వైరు అడుగు నుంచి పైకెక్కేలా పెట్టాడు.

మరుసటి ఏడాది యాసంగిలో కుర్రవాడికి సొంతంగా పని అప్పగించారు. పక్క పొలంలోనే అలాంటి స్తంభం. ఆ రోజు చేతిలో బెండు లేదు. బాన్సువాడ పోయి తేవాలంటే పూట పడుతుంది. మడి ఎండుతోందని రైతు తొందరపెట్టాడు. పైపును నిటారుగా నిలబెట్టి, వైరును పైనుంచి దూర్చి, కింద సూటిగా డబ్బాలోకే దించి దిగాడు. మోటారు గుప్పున నీళ్లు పోసింది. రైతు సంతోషపడి చాయ్ తాగించాడు. ఎండాకాలమంతా రెండు మోటార్లూ ఒకేలా పోశాయి.

మృగశిర కార్తె వచ్చింది. రాత్రంతా వాన. తెల్లవారి నారుమడికి నీళ్లు పెడదామని రైతు చెప్పుల్లేకుండా తడి గట్టు మీద నడిచొచ్చి డబ్బా మూతకు చెయ్యి తగిలించాడు. మరుక్షణం బురదలో వెల్లకిలా పడ్డాడు. ఆయుష్షు ఉండి బతికాడు.

కబురందుకుని ముసలాయన, కుర్రవాడు పరుగున వచ్చారు. ముసలాయన ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర సప్లై తీయించి, డబ్బా తెరిచాడు. లోపల అడుగున వేలి కణుపు మునిగేంత నీళ్లు. వాటిని రైతు సద్దిగిన్నె మూతలోకి వంపి కుర్రవాడి ముందు పెట్టాడు. తిట్టలేదు.

"నువ్వు పైపు పెట్టలే బిడ్డా. తూము పెట్టినవ్."

ఆ కుర్రవాడికి ఇప్పుడు మీసాలు నెరిశాయి. పైపు బిగించాక, సప్లై ఇవ్వకముందే, చెంబెడు నీళ్లు పైకి తీసుకెళ్లి వంపు మీద పోస్తాడు. కిందికొచ్చి డబ్బా అడుగున అరచెయ్యి ఆనించి తుడుస్తాడు. అరచెయ్యి పొడిగా ఉంటేనే ఎల్‌సీ వాపసు చేస్తాడు.

నీతి: చూసేవాళ్ల కంటికి అందని చోట చేసిన పనికి లెక్క అడిగేది వాన. ఆ లెక్క చెల్లించేది మాత్రం పని చేసినవాడు కాదు, కింద చెయ్యి పెట్టినవాడు.

తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలయ్యాక అర్ధరాత్రి పొలానికి పోయే అవసరం తగ్గింది. అది చిన్న మేలు కాదు. కానీ తడి పొద్దున డబ్బా మీద చెయ్యి వేసేది ఇవాళ్టికీ రైతే. తొలకరికి ముందే ఒకసారి గట్టున నిలబడి తల పైకెత్తి చూడండి. పైపు మూతి ఆకాశం వైపు తెరుచుకుని ఉంటే ఎక్కి సరిచేయబోవద్దు, డబ్బా ముట్టుకోవద్దు. 1912కు ఫోన్ చేసి లైన్‌మన్ వచ్చేదాకా ఆగండి.