చదువు నిత్యమా, కామ్యమా: దీర్ఘవ్యాధి ఉన్న బిడ్డ, బడి, అధికార ప్రశ్న

దీర్ఘకాలిక వ్యాధితో బతికే బిడ్డను ఏ బడిలో చేర్చాలన్నది పైకి తల్లిదండ్రుల వెసులుబాటుకు, వైద్యుడి సలహాకు, ఫీజుల లెక్కకు సంబంధించిన విషయంగానే కనిపిస్తుంది గాని, దాని అడుగున మన మీమాంసకులు ఎంతో శ్రద్ధగా చర్చించిన ఒక ప్రశ్న ఉంది: ఒక విధికి కావలసిన అంగాలన్నిటినీ సమకూర్చుకోలేని మనిషికి ఆ విధిలో అధికారం ఉందా, లేదా? ఇక్కడ అధికారం అంటే పెత్తనం కాదు, ఒక కర్మను ఆచరించి దాని ఫలం పొందడానికి కర్తకు ఉండే అర్హత. కొన్ని వారాలకొకసారి రక్తం ఎక్కించుకోవలసిన తలసేమియా పిల్లవాడు, రోజుకు పలుమార్లు ఇన్సులిన్ తీసుకోవలసిన టైప్ 1 మధుమేహపు బాలిక, చలి తగిలితే ఎముకల్లో నొప్పి లేచే సికిల్ సెల్ రోగి బడి గడప దగ్గర ఎదుర్కొనేది ఈ ప్రశ్ననే.

జైమిని మీమాంసా సూత్రాల్లో ఆరవ అధ్యాయం అధికార విచారానికే కేటాయించినది. యజ్ఞంలో నేతిని కంటితో చూడాలన్న నియమాన్ని అంధుడు పాటించలేడు, విష్ణుక్రమాలనే అడుగులను నడవలేనివాడు వేయలేడు; మరి వీరికి యజ్ఞాధికారం ఎలా అని శబరస్వామి భాష్యం ప్రశ్నిస్తుంది. లోపం చికిత్సతో తొలగేదైతే తొలగించుకొని కర్మ చేయవచ్చు, తొలగనిదైతే ఆ అంగం తప్పనిసరి అయిన కర్మకు అతడు దూరం అన్నది అక్కడ వచ్చే సమాధానం. అదే అధ్యాయం శూద్రులకు వేదకర్మాధికారం లేదని కూడా తీర్మానించిందన్న సంగతిని దాచి ఈ శాస్త్రాన్ని ఉదాహరించడం నిజాయితీ కాదు. అయినా ఆ అధ్యాయపు మూడో పాదంలో ఈ కఠినత్వానికి లోపలి నుంచే విరుగుడు చెప్పిన వాదం ఒకటి ఉంది. నేటి బడికి పనికివచ్చేది అదే.

ఆ వాదం రెండు రకాల కర్మలను వేరుచేసి చూస్తుంది. స్వర్గమో, పశుసంపదో, పుత్రుడో కావాలన్న కోరికతో చేసేది కామ్యం. కోరికతో నిమిత్తం లేకుండా, బతికున్నంతకాలం చేయవలసిందే అయినది నిత్యం. అగ్నిహోత్రాన్ని జీవితాంతం చేయాలన్న విధి ఉన్నప్పుడు, ప్రతి పూటా ప్రతి అంగమూ పూర్తిగా ఉండాలని పట్టుబడితే జీవితాంతం చేయగలవాడు ఒక్కడూ ఉండడు. కాబట్టి నిత్యకర్మలో ప్రధానాన్ని, అంటే అసలు కర్మను, విడవకుండా, దానికి తోడ్పడే అంగాలను శక్తి ఉన్నంత మేరకు చేస్తే చాలు, ఆ కర్మ లోపించినట్టు కాదు. కామ్యంలో మాత్రం అంగాలన్నీ ఉంటేనే ఫలం, ఏది తగ్గినా శ్రమ వృథా. మన పూజా సంకల్పాల్లో వినిపించే యథాశక్తి అన్న మాటకు ఇంత తర్కబలం ఉందని చాలామంది గమనించరు.

ఇక అడగవలసింది చదువు ఈ రెంటిలో ఏ కోవకు చెందుతుందన్నదే. 2002 నాటి 86వ రాజ్యాంగ సవరణ, దాని ఆధారంగా వచ్చి 2010 ఏప్రిల్ 1 నుంచి అమలవుతున్న విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు చదువును నిర్బంధం చేశాయి. అంటే రాజ్యం దానిని నిత్యంగా ప్రకటించింది. అయితే ఉభయ తెలుగు రాష్ట్రాల్లో, ముఖ్యంగా పట్టణాల్లో, చదువు నడిచే తీరు కామ్యపు తీరు. ఆరో తరగతిలోనే మొదలయ్యే ఐఐటీ ఫౌండేషన్, తెల్లవారకముందే లేపే స్టడీ అవర్లు, వారాంతపు పరీక్షలు, కూడలిలో కట్టిన ర్యాంకుల ఫ్లెక్సీలు, ఇవన్నీ ఒకే ఫలాన్ని ఉద్దేశించిన అంగాలు. వాటిలో ఒకటి తప్పినా ఫలం దక్కదన్న నమ్మకం మీద ఆ వ్యవస్థ నిలబడింది. అలాంటి చోట నెలకు నాలుగు రోజులు ఆసుపత్రిలో గడిపే బిడ్డ చదువులో భాగస్వామిగా కాక, ఫలితాలకు అడ్డుగా కనబడడం ఆ వ్యవస్థ తర్కానికి అనుగుణమే. డెబ్బై అయిదు శాతం హాజరు నియమం కూడా, అనారోగ్యానికి మినహాయింపు కోరే వీలున్నా, ఆచరణలో తల్లిదండ్రులు ప్రతి ఏడూ సర్టిఫికెట్లు పట్టుకొని బతిమాలుకొనే వ్యవహారంగా మారుతుంది.

ఈ చదువును శరీరం నుంచి విడదీసి చూడడమే మూలంలో ఉన్న పొరపాటు. ఛాందోగ్యోపనిషత్తు ఆరవ అధ్యాయంలో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతువును పదిహేను రోజులు అన్నం మాని నీళ్లు మాత్రం తాగి ఉండమంటాడు. పదహారో నాడు ఋక్కులు, యజుస్సులు, సామాలు చెప్పమంటే, పన్నెండేళ్లు వేదాధ్యయనం చేసి వచ్చిన ఆ యువకుడికి ఒక్కటీ తోచదు. భోజనం చేసి వచ్చాక తండ్రి అడిగినవన్నీ చెప్పగలుగుతాడు. మనస్సు అన్నమయమన్న సిద్ధాంతాన్ని తండ్రి మాటలతో కాక కొడుకు శరీరం మీదనే నిరూపించి చూపాడు. టైప్ 1 మధుమేహం ఉన్న బాలికకు ఇది ఉపనిషత్కథ కాదు, ఉదయం పదకొండు గంటల లెక్కల పీరియడ్. పొద్దున ఇన్సులిన్ వేసుకొని, తినవలసినంత తినక, డ్రిల్ పీరియడ్‌లో పరుగెత్తి వచ్చిన బిడ్డకు రక్తంలో గ్లూకోజు 70 మిల్లీగ్రాముల కిందికి జారితే చేతులు వణుకుతాయి, చెమట పడుతుంది, నిన్న నోటికి వచ్చిన ఎక్కం ఇవాళ రాదు. ఆ క్షణంలో ఆమెకు కావలసింది దాదాపు పదిహేను గ్రాముల గ్లూకోజు, పావుగంట ఆగి మరొకసారి వేలి రక్తపు పరీక్ష, తనను ఒంటరిగా వదలని పెద్దమనిషి. క్లాసులో తినకూడదన్న క్రమశిక్షణ పేరుతో ఆమె సంచిలోని గ్లూకోజు పొట్లాన్ని బల్ల మీదికి తీసుకొని పెట్టుకొనే ఉపాధ్యాయుడు, తాను చెప్పే పాఠానికి ఆధారమైనదాన్నే లాక్కుంటున్నాడు. 2017లో సీబీఎస్‌ఈ ఇలాంటి విద్యార్థులు పరీక్ష గదిలోకి చక్కెర బిళ్లలు, పండ్లు, నీళ్ల సీసా తీసుకువెళ్లడానికి అనుమతినిచ్చింది. యథాశక్తి సూత్రం పరిపాలనా భాషలోకి వస్తే ఇలాగే ఉంటుంది: పరీక్ష అనే ప్రధానం అలాగే ఉంది, దాని చుట్టూ ఉన్న ఒక నియమం సడలింది.

సికిల్ సెల్ వ్యాధిలో ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారానికి మారి సన్నని రక్తనాళాల్లో ఇరుక్కొంటాయి. ఒంట్లో నీరు తగ్గినా, చలి సోకినా, అతిగా శ్రమించినా భరించరాని నొప్పి లేస్తుంది. ఈ వ్యాధి కనిపించే మన్యం ప్రాంతంలో, డిసెంబరు పొగమంచులో, ఆశ్రమ పాఠశాల పిల్లవాడు తెల్లవారుజామున చన్నీటి స్నానం చేయవలసివస్తే అది ఆ బిడ్డ దేహానికి క్రమశిక్షణ కాదు, దెబ్బ. నీళ్లు ఎక్కువగా తాగమని వైద్యుడు చెప్పిన పిల్లవాడిని పీరియడ్ మధ్యలో మూత్రానికి పంపకపోవడం కూడా అలాంటిదే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం తన ఇరవై ఒక్క వైకల్యాల జాబితాలో సికిల్ సెల్, తలసేమియా, హీమోఫిలియాలకు చోటిచ్చింది గాని, టైప్ 1 మధుమేహాన్ని పేరుపెట్టి చేర్చలేదు. కాబట్టి ఆ పిల్లలకు బడిలో దొరికేది చాలావరకు హెచ్‌ఎం మంచితనం మీద ఆధారపడి ఉంటుంది. హక్కు ఉండవలసిన చోట దయ ఉండడం ఎంత బలహీనమైన ఏర్పాటో, హెచ్‌ఎం బదిలీ అయిన ఏడాది తెలుస్తుంది.

దీనికి ఎదురుగా వినిపించే మాట కర్మసిద్ధాంతం: వ్యాధి పూర్వజన్మ పాపఫలం, అనుభవించక తప్పదు, బడి సర్దుకోవలసిన అవసరం ఏముంది అని. ఈ వాదాన్ని ఆయుర్వేదమే ఒప్పుకోలేదు. చరకసంహిత విమానస్థానం, ఆయుస్సు పూర్తిగా ముందే నిర్ణయమై ఉంటే వైద్యానికే అర్థం ఉండదని తర్కించి, దైవంతో పాటు పురుషకారానికి, అంటే మానవ ప్రయత్నానికి, స్థానం కల్పించింది. బృహదారణ్యకం ఐదో అధ్యాయం వ్యాధిబాధను పరమతపస్సుగా భావించమని చెబుతుంది గాని, ఆ మాట బాధపడేవాడు తనకు తాను చెప్పుకోవలసింది. ఒడ్డున నిలబడినవాడు చెబితే అది క్రూరత్వం. ఛాందోగ్యం మూడో అధ్యాయంలోని మహిదాస ఐతరేయుడి వైఖరి ఇంకా నిటారైనది. మనిషి జీవితమే యజ్ఞమని, మొదటి ఇరవై నాలుగేళ్లు అందులో ప్రాతస్సవనమని, అంటే ఉదయపు సోమాభిషవమని చెప్పే ఆ ఘట్టంలో, ఆ వయసులో వ్యాధి బాధిస్తే యజ్ఞం మధ్యలో తెగిపోకుండా కొనసాగించమని ప్రాణాలను వేడుకోవాలని ఉంది. మహిదాసుడు రోగాన్నే నిలదీసి, దీనితో తాను పోనని చెప్పి, నూట పదహారేళ్లు బతికాడట. రోగం యజ్ఞానికి అనర్హత అన్న ఊహ అక్కడ లేనే లేదు.

బౌద్ధంలో ఈ సమస్య మరింత సూటిగా కనబడుతుంది. వినయపిటకంలోని మహావగ్గ ప్రకారం, మగధలో వ్యాధులు ప్రబలినప్పుడు వైద్యుడైన జీవకుడి చికిత్స కోసమే కొందరు సంఘంలో చేరి, నయం కాగానే వెళ్లిపోయారు. జీవకుడి మొర విని బుద్ధుడు కుష్ఠు, క్షయ, మూర్ఛ వంటి ఐదు వ్యాధులున్నవారికి ప్రవ్రజ్య, అంటే సంఘంలో చేరే దీక్ష, ఇవ్వరాదని నియమించాడు. అదే గ్రంథంలో, అతిసారంతో తన మలంలోనే పడి ఉన్న భిక్షువును బుద్ధుడు ఆనందుడితో కలిసి కడిగి మంచం మీద పడుకోబెట్టి, తనకు సేవ చేయదలచినవారు రోగికి చేయాలని సంఘాన్ని మందలించాడు. చేర్చుకొనేటప్పుడు సంస్థ తన శక్తిని లెక్క చూసుకోవచ్చు, చేర్చుకొన్నాక తోటివారు ఒకరినొకరు వదలరాదు అన్నదే ఈ రెంటి సారమని సమర్థించవచ్చు. భిక్షుసంఘానికి ఆ సమర్థన సరిపోతుందేమో గాని బడికి సరిపోదు, ఎందుకంటే ప్రవ్రజ్య ఎంచుకొనేది, ప్రాథమిక విద్య ఎంచుకొనేది కాదు. అందువల్ల బడికి వర్తించేది రెండో ఘట్టమే.

ఇంట్లోనే చదివించడం, లేదా సార్వత్రిక విద్యాపీఠం ద్వారా ఒక్కొక్క సబ్జెక్టు చొప్పున ఐదేళ్లలోపు పూర్తిచేయడం కొందరికి నిజంగానే మేలు. మంచం దిగలేని నెలల్లో అది తప్ప దారి ఉండదు. అయితే బిడ్డకు వీలున్నా బడే తప్పించుకోవడానికి ఈ దారి చూపిస్తే మాత్రం, అంగాల కోసం ప్రధానాన్ని వదిలినట్టే అవుతుంది, ఎందుకంటే చదువులో పుస్తకం ఎంత ప్రధానమో సహాధ్యాయి అంత ప్రధానం.

తల్లిదండ్రులు తరచుగా, ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో, రేపటి పెళ్లి సంబంధాలకు భయపడి వ్యాధిని బడికి చెప్పకుండా దాస్తారు. బిడ్డ మరుగుదొడ్డి తలుపు వేసుకొని ఇన్సులిన్ సూది వేసుకొంటుంది, తోటివారు అడిగితే ఏదో చెబుతుంది. ఈ భయం ఊహాజనితం కాదు, సమాజం దానికి ఆధారాలు ఇస్తూనే ఉంది, కాబట్టి తల్లిని నిందించి ప్రయోజనం లేదు. కాని దాచిన రోగానికి ఎవరూ సాయపడలేరు, పైగా దాపరికాన్ని మోయడం ఆ వయసుకు రోగంకంటే బరువు. అందువల్ల బడిని ఎంచుకొనేటప్పుడు భవనం, ఫలితాలు, ప్రయాణ దూరం చూడడానికి ముందు, క్లాస్ టీచరు దగ్గర కూర్చొని వ్యాధి పేరు, ప్రమాద సూచనలు, అత్యవసరంలో చేయవలసింది ఒక కాగితం మీద రాసి ఇచ్చి, ఆ టీచరు దాన్ని చదివి ఏం ప్రశ్నలు అడుగుతారో వినడం మంచిది. గ్లూకోజు ఎక్కడ పెట్టాలి, పక్కన కూర్చొనే పిల్లకు ఏం చెప్పాలి, తాను సెలవులో ఉన్నరోజు ఎవరు చూస్తారు అని అడిగిన టీచరున్న బడి, ఫలితాల్లో వెనకబడినదైనా, ఆ బిడ్డకు తగినది.