కుడుములలో సంఖ్య ఎక్కడుంది?

వినాయక చవితినాడు 21 కుడుములో ఉండ్రాళ్లో నివేదించే ఆచారమున్న తెలుగు ఇళ్లలో, సెలవుకు ఇంటిపట్టున ఉన్న చిన్నపిల్లలకు వాటిని చుట్టే పనీ లెక్కపెట్టే పనీ అప్పగించడం పెద్దలకు ఒక వెసులుబాటుగానే మొదలై ఉండవచ్చు గాని, ఆ పళ్లెం చుట్టూ సాగే ఆటలో భారతీయ తార్కికులూ పాశ్చాత్య తత్త్వవేత్తలూ శతాబ్దాలుగా వాదించుకున్న ప్రశ్న ఒకటి ఉంది. సంఖ్య వస్తువులో ఉన్నదా, లెక్కించేవారి బుద్ధిలో ఉన్నదా అన్నదే ఆ ప్రశ్న. ఉడికిన బియ్యపు రవ్వ ముద్దగా ఉన్నంతసేపు దానికి కొలత ఉంటుంది గాని లెక్క ఉండదు. అదే ముద్దను పెద్ద చేతులు 21 ఉండ్రాళ్లుగా చుడితే చిన్న చేతులు 30 చుట్టవచ్చు. పిండి పెరగలేదు, తరగలేదు. సంఖ్య మాత్రం మారింది.

ప్లేటో రచించిన ‘ఫీడో’ సంభాషణలో సోక్రటీసును కలవరపెట్టినది ఇటువంటి చిక్కే. ఒకటి పక్కన మరొకటి చేరినప్పుడు రెండు కావడానికి కారణం ఆ చేరికే అనుకుంటే, ఒకదానిని రెండుగా ఖండించినప్పుడు కూడా రెండే వస్తున్నది గనుక, చేరికా ఎడబాటూ అనే విరుద్ధ కారణాలకు ఒకే ఫలితం ఎట్లా కలుగుతుందని అతడు అడుగుతాడు. ఒక బొబ్బట్టును తుంచి, రెండిచ్చానని నమ్మించబోయే అన్నకూ నమ్మని తమ్ముడికీ మధ్య జరిగే తగవు సారాంశంలో ఇంతకంటె వేరు కాదు.

ఈ చిక్కును అతి సూక్ష్మంగా పరిశీలించినది వైశేషిక దర్శనం. ఆ దర్శనంలో సంఖ్య ఒక గుణం. గుణమంటే రంగు, రుచి వలె ద్రవ్యాన్ని ఆశ్రయించి ఉండే ధర్మం. ప్రతి కుడుములోనూ ఏకత్వం, అంటే ఒకటిగా ఉండడం, దానంతట అదే ఉంటుంది. ద్విత్వం మొదలైన పై సంఖ్యలు మాత్రం అట్లా ముందుగా ఉండవు. ‘ఇది ఒకటి, ఇది ఒకటి’ అని వేర్వేరు ఏకత్వాలను కలిపి పట్టుకునే జ్ఞానం కలిగినప్పుడే అవి ఆ వస్తువులలో పుడతాయి, ఆ జ్ఞానం నశించగానే నశిస్తాయి. ఈ జ్ఞానానికి వైశేషిక భాష్యకారుడైన ప్రశస్తపాదుని సంప్రదాయం పెట్టిన పేరు అపేక్షాబుద్ధి. ఆంధ్రదేశీయుడని పండితులు చెప్పే అన్నంభట్టు కూడా ‘తర్కసంగ్రహం’లో ఏకత్వం నిత్యద్రవ్యాలలో నిత్యమనీ, అనిత్యద్రవ్యాలలో అనిత్యమనీ, ద్విత్వాదులు ఎక్కడైనా అనిత్యమేననీ విభజించి చెప్పాడు.

లెక్క నేర్చుకుంటున్న పిల్లలను గమనిస్తే ఈ విభజన కేవలం శాస్త్రచర్చగా అనిపించదు. మూడేళ్ల పాప ఒక్కొక్క ఉండ్రాన్నీ వేలితో తాకుతూ ఐదు వరకు సరిగానే చెప్పి, ‘మొత్తం ఎన్ని?’ అని అడిగితే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టడం సాధారణం. చివర పలికిన సంఖ్యే మొత్తానికి పేరని తెలియడాన్ని మనస్తత్వవేత్తలు రోషెల్ గెల్‌మన్, గాలిస్టెల్ 1978లో వెలువరించిన గ్రంథంలో లెక్కింపు సూత్రాలలో ఒకటిగా చేర్చారు. ఆ పాపకు ఏకత్వాలు అందాయి, వాటిని కూడగట్టే బుద్ధి ఇంకా కుదురుకోలేదు. అయితే ప్రాచీనులకు మనస్తత్వశాస్త్రం ముందే తెలుసునని దీనినిబట్టి తీర్మానించడం తొందరపాటు. వారి ప్రశ్న జ్ఞానం ఎట్లా పుడుతుందన్నదే గాని, పిల్లలు ఎప్పుడు నేర్చుకుంటారన్నది కాదు.

పడమటి దేశాలలో ఇదే వాదం తినుబండారాల పేరుతోనే నడిచింది. అంకగణిత సత్యాలు అనుభవం నుంచి కూడబెట్టుకున్నవేనని ఆంగ్ల తత్త్వవేత్త జాన్ స్టువర్ట్ మిల్ 1843లో వాదించగా, 1884లో జర్మన్ తార్కికుడు ఫ్రేగె ఆ వాదాన్ని గులకరాళ్ల లెక్క అనీ, తన దేశంలో క్రిస్మస్‌కు చేసుకునే మసాలా రొట్టెల లెక్క అనీ ఎగతాళి చేశాడు. అతని దృష్టిలో సంఖ్య వస్తువుల కుప్పకు చెందదు, వాటిని ఏ భావన కింద చూస్తున్నామో ఆ భావనకు చెందుతుంది. పళ్లెంలో ఉన్నది ‘నైవేద్యం’ అంటే ఒకటి, ‘ఉండ్రాళ్లు’ అంటే 21. సంఖ్య ఎవరి మనసులోనిదో అయితే ఎవరి రెండు వారిదే కావలసి వస్తుందన్న అతని ఆక్షేపణ అపేక్షాబుద్ధికీ తగులుతుంది. అక్క లెక్కించినా తమ్ముడు లెక్కించినా 21 రావడానికి కారణం వైశేషికుడు చెప్పగలడు: కూడగట్టే బుద్ధులు వేరైనా ఏకత్వాలు అందరికీ ఉమ్మడిగా కుడుములలోనే ఉన్నాయి. ఈ సమాధానం ఫ్రేగెను పూర్తిగా ఒప్పించకపోవచ్చు గాని, మిల్ చెప్పినదానికంటె బలమైనది.

నైవేద్యంతో ఆటలేమిటన్న ఆక్షేపణకూ సమాధానం ఆచారంలోనే ఉంది. నివేదనకు ముందు రుచి చూడరాదన్న నియమం వల్ల లెక్క ముందు, తినడం తరువాత అన్న క్రమం పిల్లలకు సహజంగానే ఏర్పడుతుంది. అన్నాన్ని నిందించరాదు, నిరాకరించరాదు అని తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లి విధించిన వ్రతాలను పాటించదలిస్తే, లెక్కకు వాడినది పారవేయకుండా తినవలసి ఉంటుంది. రంగులద్ది అట్టకు అంటించే బియ్యపుగింజల ఆటలకు ఈ దృష్టిలో సమర్థన తక్కువ. ఇక కొన్ని వ్రతవిధులు ఆ 21లో ఒకటి దేవునికి, పది బ్రాహ్మణునికి, పది ఇంటివారికి అని పంచడంలో భాగహారమూ శేషమూ దానధర్మంగానే కనిపిస్తాయి, శేషం దేవుని వంతు కావడంతో సహా. తర్కపాఠాలలో ద్విత్వానికి ఉదాహరణ తరతరాలుగా రెండు కుండలే. వాటి స్థానంలో రెండు కుడుములు పెట్టినా సిద్ధాంతానికి లోటు రాదు, విద్యార్థికి పాఠం మరింత త్వరగా ఒంటబట్టవచ్చు.